మెడ తిప్పిన గొర్రె

మాల్కమ్ గ్రీవ్ ఆ రోజు మెట్లెక్కి వచ్చిన తీరులోనే ఏదో తేడా ఉందని రోవెనాకు అనిపించింది. ఇరవై ఏళ్ళ పరిచయంలో అతనెప్పుడూ కిందినుంచే "టీ నీళ్ళు పెట్టావా తల్లీ?" అని కేకేస్తూ వచ్చేవాడు. ఆ సోమవారం బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. జూన్ నెల, అక్కడ చలికాలం. టేమర్ నది మీదినుంచి లేచిన పొగమంచు పదకొండు గంటలైనా లాన్సెస్టన్ వీధులను వదల్లేదు. మాల్కమ్ టోపీ తీయలేదు, కూర్చోలేదు. చంకలోని సంచిని బల్లమీద పెట్టి, అందులోంచి బూడిదరంగు ఉన్ని కంబళి ఒకటి బయటకు లాగాడు. దాని మూలకు కుట్టి ఉన్న చిన్న గుడ్డముక్కను వేలితో పైకెత్తాడు.

"ఇది ఎవరి గొర్రె?"

రోవెనా కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. ఒకే నల్లటి గీతతో గీసిన గొర్రె. నడుస్తూ నడుస్తూ వెనకనుంచి ఎవరో పిలిచినట్టు మెడ తిప్పి చూస్తోంది. గీత మూడుచోట్ల తెగింది. చెవి దగ్గర, గొంతు కింద, వెనక కాలి మడమ దగ్గర.

"మనదే," అంది రోవెనా. "కంబళ్ళు కూడా మొదలుపెట్టావా? నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"నేను మొదలుపెట్టలేదమ్మా. నేను అమ్మేది మేజోళ్ళే. మా అమ్మాయి మెల్‌బోర్న్ విమానాశ్రయంలో కొంది ఇది. కొత్త సరుకు భలే ఉంది నాన్నా అని ఫోను చేసి మరీ మెచ్చుకుంది." మాల్కమ్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "నా బొమ్మను ఇంకా ఎంతమందికి అమ్మావు?"

రోవెనాకు ముందు నవ్వొచ్చింది. అతను నవ్వడం లేదని గమనించాక ఆ నవ్వు గొంతులోనే ఇంకిపోయింది.

"ఏం మాటది మాల్కమ్?"

"అడగాల్సిన మాటే. ఈ హాలరన్ కంబళ్ళవాళ్ళు నీకు తెలుసా?"

"పేరు వినడం ఇదే మొదలు."

"వాళ్ళు ఈ గొర్రెను ట్రేడ్‌మార్క్ చేసుకోడానికి దరఖాస్తు పెట్టారు. అది ప్రకటించేశారు కూడా. రెండు నెలల్లోపు మనం అభ్యంతరం చెప్పకపోతే, రేపు నా మేజోళ్ళ మీద నా గొర్రెను వేసుకోడానికి నేనే వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి." టోపీని ఇంకా కిందికి లాక్కున్నాడు. "నేను రిజిస్టర్ చేయించుకోలేదు, నా బద్ధకం, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ వాళ్ళ చేతికి కాళ్ళొచ్చి నడిచిపోలేదు కదా?"

టీ వద్దని వెళ్ళిపోయాడు. కంబళి మాత్రం బల్లమీదే వదిలేశాడు.

రోవెనా పాస్కో చార్లెస్ వీధిలో చెప్పుల దుకాణం పైగదిలో పాతికేళ్ళుగా లోగోలు గీస్తోంది. యాభై మూడేళ్ళ మనిషి. టాస్మేనియా ద్వీపంలో సగం పాలడబ్బాల మీద, జున్ను పెట్టెల మీద, తేనె సీసాల మీద ఆమె చెయ్యి ఉంది. అన్నిట్లోకి ఆమెకు పేరు తెచ్చింది మాల్కమ్ గొర్రె. ఆరేళ్ళ కిందట అది గీసినప్పుడు బహుమతి ఇచ్చారు. ఆ మూడు ఖాళీల గురించే సభలో ఒకాయన పది నిమిషాలు మాట్లాడాడు. గీత ఊపిరి పీల్చుకుంటోందన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె కంబళి గుర్తును పెద్దది చేసి అచ్చు తీసి, దానిమీద ట్రేసింగ్ కాగితం వేసి, తన గొర్రెను గీసి చూసింది. మెడ ఒంపు కలిసింది. వీపు కలిసింది. మూడు ఖాళీలూ ఉన్నచోటే ఉన్నాయి. వెనక కాలు మాత్రం కొంచెం పక్కకు జరిగింది. తెలిసీ తెలియకుండా మార్చడానికి ఎవరో కాలు కదిపారని ఆమె అనుకుంది. దొంగసొత్తుకు కొత్త రంగు వేసినట్టు.

ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర లేకుండానే ఒక పేరు నోటికొచ్చింది. సాస్కియా.

సాస్కియా తొమ్మిదేళ్ళు ఆ గదిలోనే, ఎదుటి బల్ల దగ్గర కూర్చుని పనిచేసింది. పేరుకు ఇద్దరూ సమాన భాగస్తులు. కానీ బహుమతులన్నీ రోవెనా పేరుమీదే వచ్చాయి. మూడేళ్ళ కిందట సాస్కియా మెల్‌బోర్న్‌లో ఒక పెద్ద డిజైన్ సంస్థలో చేరింది. వెళ్ళేటప్పుడు పోట్లాటేమీ జరగలేదు. ముద్దుపెట్టుకుని, పెట్టెలు సర్దుకుని వెళ్ళింది. ఆ తర్వాత ఆర్నెల్లకొక ఫోను, ఏడాదికొక కార్డు. పోట్లాడకుండా వెళ్ళడమే ఇప్పుడు రోవెనాకు అనుమానంగా తోచింది. మనసులో ఏమీ లేకపోతే అంత మర్యాదగా ఎవరు వెళ్తారు?

ఆ సంస్థ పని చేసిపెట్టిన వ్యాపారాల జాబితాను కంప్యూటర్‌లో తెరిచింది. నలభై పేర్లలో ఒక ఉన్ని మిల్లు కనిపించింది. అలమరలోంచి ఆరేళ్ళనాటి స్కెచ్‌బుక్కు తీసి మాల్కమ్ కోసం పని చేసిన పేజీలు తిప్పింది. మేజోళ్ళ పెట్టె కొలతలున్నాయి. అక్షరాల నమూనాలున్నాయి. గొర్రె మొదటిసారి గీసిన పేజీ ఉండాల్సిన చోట కుట్టు దగ్గర చిరిగిన అంచు మాత్రమే మిగిలింది.

అది చూశాక ఆమెకు ఇంక సందేహం లేకపోయింది.

*

మాల్కమ్ ఆ వారమే రోవెనాను ట్రేడ్‌మార్క్ లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. కార్మెన్ ఫరూజియా పొట్టి మనిషి. తక్కువ మాట్లాడుతుంది. రెండు గొర్రెల అచ్చులనూ బల్లమీద పెట్టి, అయిదు నిమిషాలు చూసి, రెంటినీ బోర్లించింది.

"ఇప్పుడు చెప్పండి, ఏది ఎటు తిరిగి ఉంది?"

మాల్కమ్, రోవెనా మొహాలు చూసుకున్నారు.

"చూశారా? మీకే ఖచ్చితంగా గుర్తులేదు. దుకాణంలో కొనేవాళ్ళు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడరు. ఎప్పుడో చూసింది సగం గుర్తుంటుంది. ఆ సగం జ్ఞాపకంతో ఒకరి సరుకు అనుకుని ఇంకొకరిది కొంటారా అన్నదే ఇక్కడ ప్రశ్న. మీ అమ్మాయే పొరబడిందంటే, అది మనకు మంచి సాక్ష్యం." మాల్కమ్ తల ఊపాడు. "ఇంక బొమ్మ పుట్టుక. చిత్తుప్రతులేవి?"

"మొదటి పేజీ లేదు. ఎవరో చింపేశారు," అంది రోవెనా.

"ఎవరో అంటే?"

"నాకు తెలుసు. నిరూపించడమే మిగిలింది."

కార్మెన్ కలం కింద పెట్టింది. "మిస్ పాస్కో, ఒక సలహా. ఋజువు చేతిలో లేకుండా ఎవరి పేరూ ఎత్తకండి. ఎవరికీ ఉత్తరాలు రాయకండి. నోరు జారితే కేసు తలకిందులవుతుంది. ఈ బొమ్మ పూర్తిగా మీ సొంత ఊహ అని మీరొక ప్రమాణపత్రం ఇవ్వాలి. నేను తయారుచేసి ఉంచుతాను, వచ్చే శుక్రవారం వచ్చి సంతకం పెట్టండి." ఆ తర్వాత ఆమె అచ్చును మళ్ళీ వెల్లకిలా తిప్పింది. "అన్నట్టు, గీత ఇక్కడెందుకు తెగింది? ఈ మడమ దగ్గర?"

"అందం కోసం."

"చెవి దగ్గర తెగితే అందమే. మడమ దగ్గర ఏం అందం? ఊరికే అడిగాను. అవతలివాళ్ళ లాయరు అడుగుతాడు. జవాబు సిద్ధం చేసుకోండి."

బయటికొచ్చాక కారు దగ్గర మాల్కమ్ ఆగాడు. "ఎవరి పేరు ఎత్తబోయావు లోపల?"

"సాస్కియా."

"ఆ అమ్మాయా? మా కొట్టానికొచ్చి గొర్రెపిల్లలకు పాలసీసాలు పట్టింది, ఆ పిల్లా?"

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందట. మనమూ అంతే."

మాల్కమ్ కారు తలుపు తీశాడు. కానీ రోవెనా వైపు చూసిన చూపులో, తన తప్పును ఇంకొకరి మీదకు తోసేస్తోందేమో అన్న అనుమానం ఇంకా అలాగే ఉంది. అది రోవెనాకు ముల్లులా గుచ్చుకుంది. తన నిజాయితీ తేలాలంటే దొంగ దొరకాలి. ఆ తొందరలో లాయరు మాట చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున్నే సాస్కియా పనిచేసే సంస్థ పెద్దకు ఒక పేజీ ఉత్తరం రాసి పంపింది. 'చేతివాటం' అన్న మాట రాసింది. చెరిపేసింది. మళ్ళీ రాసింది.

*

రెండు రోజుల తర్వాత ఫోను మోగింది.

"నేనే, సాస్కియాని. నీ ఉత్తరం మా పెద్దాయన నాచేతే చదివించాడు. నలుగురి ముందు. గట్టిగా."

"నేను వివరణ అడిగాను, అంతే."

"వివరణా? దొంగ అని రాసి కింద 'గౌరవాలతో' అని సంతకం పెట్టావే తల్లీ! విచారణ తేలేదాకా నన్ను ఇంట్లో కూర్చోమన్నారు. వచ్చే నెల నాకు ఇవ్వాల్సిన బాధ్యత ఇంకొకరికి ఇచ్చేశారు. ఇప్పుడు చల్లగా ఉందా?"

"ఆ ఉన్ని మిల్లు సంగతేమిటి?"

"అది తివాచీల మిల్లు! వాళ్ళ గుర్తు ఒక తాళంచెవి. చూసుకోవాల్సింది నువ్వు. ఆ హాలరన్ ఎవరో నాకు నీ ఉత్తరం చదివేదాకా తెలీదు." సాస్కియా ఊపిరి తీసుకుంది. "ఒకటడుగుతాను. బొమ్మమీద బొమ్మ పెట్టి చూసే ఉంటావు, నీ అలవాటు నాకు తెలుసు. పూర్తిగా కలిసిందా?"

రోవెనా తడబడింది. "వెనక కాలు కలవలేదు."

"ఫైలు ఎత్తుకుపోయి అమ్మితే వెంట్రుకవాసి కూడా తేడా రాదు. పాతికేళ్ళ అనుభవం, ఆమాత్రం తట్టలేదా?"

"మరి పేజీ ఎవరు చింపారు?"

ఈసారి సాస్కియా గొంతులో కోపం లేదు. అదే రోవెనాను ఎక్కువ భయపెట్టింది.

"నీకు నిజంగా గుర్తులేదా? నువ్వే చింపావు. ఆ గొర్రెను చూసి నేను 'ఇది ఎక్కడో చూసినట్టుందే' అన్నాను. నీకు ముక్కుమీద కోపం కదా. 'నీకు రానిది నేను గీస్తే ఎక్కడో చూసినట్టే ఉంటుంది' అన్నావు. పర్రున చింపి, ఉండచుట్టి, బుట్టలో పడేశావు. మర్నాడు శుభ్రమైన కాగితం మీద మళ్ళీ గీశావు. ఆ మాట నేనెప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది."

"అబద్ధం."

"సరే, అబద్ధమే. బతుకు పో," అని సాస్కియా పెట్టేసింది.

అబద్ధమేనని రోవెనా రోజంతా తనకు తాను చెప్పుకుంది. రాత్రికల్లా 'నీకు రానిది నేను గీస్తే' అన్న మాట తన గొంతుతోనే వినిపించసాగింది. అది సాస్కియా కల్పించగల మాట కాదు. అచ్చంగా తన మాట. అయినా, మాట అన్నంత మాత్రాన బొమ్మ తనది కాకుండా పోతుందా? ఎక్కడ చూసి ఉంటుంది తను? ఇప్పుడామె తనను తానే నమ్మలేని స్థితికొచ్చింది. పాత గొర్రెల పుస్తకాలు తిరగేసింది. బిస్కెట్ డబ్బాలు, సబ్బుపెట్టెలు వెతికింది. ఏదీ దొరకలేదు. శుక్రవారం సంతకానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

బుధవారం ఉదయం లాయరుకు చెప్పకుండా మెల్‌బోర్న్ విమానమెక్కి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, పడమరగా హాలరన్‌వాళ్ళు ఉండే హామిల్టన్ దాకా నాలుగు గంటలు నడుపుకుంటూ వెళ్ళింది.

*

నోరీన్ హాలరన్ తలుపు తీసింది గానీ గొలుసు తీయలేదు. డెబ్భై దాటిన మనిషి. సందులోంచి ఒక కన్ను, సగం ముక్కు మాత్రమే కనిపిస్తున్నాయి.

"రోవెనా పాస్కోనా? మీ లాయరు ఉత్తరం నిన్ననే వచ్చింది. దాని వెనకే మీరూ దిగారు. బెదిరించడానికా?"

"కాదండీ. ఒకటే అడగాలని వచ్చాను. మీ గొర్రెను ఎవరు గీశారు?"

"భలేదానివే! అది నేనడగాల్సింది. మా గొర్రెను మీరు ఎక్కడ చూసి గీసుకున్నారు? మా సంతకొట్లోనా, మా మనవరాలు పెట్టిన ఫొటోల్లోనా?"

"నేను ఆరేళ్ళ కిందట గీశాను. మీ కంబళ్ళు రెండేళ్ళ నుంచే అమ్ముతున్నారు."

"ఆరేళ్ళా!" నోరీన్ ఫక్కుమని నవ్వింది. "ఆరేళ్ళట! ఉండు, చూపిస్తాను. బూట్లు అక్కడే విప్పు. సంచీ కూడా బయటే. ఫోను అందులో వేసెయ్, ఫొటోలు తీశావంటే కుక్కను వదుల్తాను."

రోవెనా మేజోళ్ళతో వంటింట్లోకి నడిచింది. నోరీన్ పొయ్యి పక్కన గూట్లోంచి పాత దిండుగలీబులో చుట్టిన పలకలాంటిదాన్ని తీసి, మూట విప్పి, రెండు చేతులతో ఆమె ముందు నిలబెట్టింది. అది తగరపు రేకు. అంచులు తుప్పుపట్టాయి. మధ్యలో గొర్రె ఆకారం గీతవెంట కోసి ఉంది. ఉన్ని మూటలమీద ఎవరి మందదో తెలిసేలా నల్లసిరాతో గుర్తు వేసే అచ్చురేకు.

"మా తాతది. ప్రతి మూటమీదా ఇదే. నేను పాకడం నేర్చుకోకముందునుంచీ ఉంది. నీ ఆరేళ్ళు ఎక్కడ పెట్టుకుంటావో పెట్టుకో."

"కిటికీ దగ్గర పట్టుకోనిస్తారా? ముట్టుకోను. మీరే పట్టుకోండి."

నోరీన్ అనుమానంగానే రేకును వెలుతురుకు ఎత్తింది. గొర్రె వెలుగుతో గీసినట్టు కనిపించింది. చెవి దగ్గర, గొంతు కింద, మడమ దగ్గర రేకు కోయకుండా వదిలిన మూడు చిన్న వంతెనలున్నాయి. అవి లేకపోతే గొర్రె కడుపు మొత్తం ఊడి కిందపడుతుంది. లోపలి రేకును పట్టి ఉంచడానికి ఒక పనివాడు వదిలిన ఆనవాళ్ళు. తను కాగితం మీద గీసింది. కాగితానికి వంతెనలు ఏం అవసరం? గీత ఊపిరి పీల్చుకోవడం లేదు. రేకు విరగకుండా నిలబడుతోంది, అంతే.

రోవెనా అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమైంది? మొహం పాలిపోయిందేం?" అంది నోరీన్. "టీ కావాలా? ఇదిగో, ఊరికే అడుగుతున్నాను, రాజీ అనుకోకు."

"దీన్ని చేసిందెవరు?"

"విల్ఫ్ అనే తగరం పనివాడట. మా అమ్మ చెప్పేది. బొచ్చు కత్తిరించే కాలంలో కొట్టం నుంచి కొట్టానికి నడిచేవాడు. ఇక్కడ పని అయ్యాక పడవెక్కి మీ టాస్మేనియాకు పోయేవాడు. వాడికి గొర్రె ఒక్కటే వచ్చు. అదీ ఇటు తిరిగిందే. ఎవరు అడిగినా అదే కోసిచ్చేవాడట. ఇంకే మందవాళ్ళకూ ఇవ్వనని మా తాతకు ఒట్టుపెట్టాడంట." నోరీన్ మూతి తిప్పింది. "ఒట్టు అందరికీ పెట్టే ఉంటాడు వెధవ."

తిరుగు విమానంలో రోవెనాకు టాస్మేనియాలోని ఒకేఒక గోడ కళ్ళముందు మెదిలింది.

*

మాల్కమ్ పొలం రాస్ ఊరికి అవతల ఉంటుంది. గురువారం ఆమె వెళ్ళేసరికి అతను కొట్టంలో తడిక సరిచేస్తున్నాడు. లాయరు దగ్గర సంతకానికి ముందు ఏదో మాట్లాడడానికి వచ్చిందనుకున్నాడు. రోవెనా అతణ్ణి దాటుకుని కొట్టం చివరకు, టీ తాగే బల్ల దగ్గరకు నడిచింది. ఆరేళ్ళ కిందట మేజోళ్ళ పని మొదలుపెట్టేముందు ఉన్ని కత్తిరింపు చూస్తానని వచ్చి, రెండు గంటలు ఈ బల్లమీదే కూర్చుంది. ఒళ్ళో సముద్రపు గుల్లమాంసం కూరిన రొట్టె. ఎదురుగా చెక్కగోడ.

గోడకు సున్నం కొట్టి చాలా ఏళ్ళైంది. సున్నం పెచ్చులు లేచినచోట నల్లటి మరకలున్నాయి. సిరా కుంచె సరిగా ఉందో లేదో చూడడానికి ఎవరో ఒకప్పుడు చెక్కమీద అచ్చు కొట్టి చూసుకున్న మరకలు. ఒకదానిమీద ఒకటి నాలుగైదు. పైదానిలో మెడ, చెవి, గొంతు కింద ఖాళీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"మాల్కమ్, ఇటు రా. ఇదేమిటి?"

"అదా? మా నాన్న కాలంనాటి మూటల గుర్తు. ఆ రేకు ఎప్పుడో పోయింది. ఎవరు చూస్తారు దాన్ని..." అతని మాట సగంలో ఆగింది. దగ్గరికొచ్చి, టోపీ తీసి, గోడను చూసి, ఆమెను చూసి, మళ్ళీ గోడను చూశాడు. "అరవై ఏళ్ళు దీని కిందే కూర్చుని టీ తాగానే!"

"నేను రెండు గంటలే కూర్చున్నాను. అది చాలింది." రోవెనా హామిల్టన్‌లో చూసిందంతా చెప్పింది. "నేను కావాలని చేయలేదు మాల్కమ్. నా బుర్రలోంచే వచ్చిందనుకున్నాను. దేవుడి సాక్షిగా అనుకున్నాను. కానీ ఆ గీత నాది కాదు."

మాల్కమ్ బల్లమీద కూలబడ్డాడు. "అంటే, మా నాన్న బొమ్మనే మాకు కొత్తగా గీసిచ్చావన్నమాట." నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేకపోయాడు. గోడవైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "ఆ ముసలావిడకు ఈ గోడ సంగతి తెలుసా?"

"చెప్పలేదు."

"లాయరుకు?"

"నీకే మొదట."

అతను కొట్టం మూల ఉన్న సున్నం డబ్బా వైపు చూశాడు. "ఒక్క చేయి కొడితే సరిపోతుంది. నువ్వు రేపు సంతకం పెట్టెయ్. నువ్వు నోరుమూసుకుంటే గోడ కూడా నోరుమూసుకుంటుంది. ఆవిడ రేకుకు నీ ప్రమాణపత్రం అడ్డం, తర్వాత ఎవరి అదృష్టం వాళ్ళది."

మాల్కమ్ అలాంటి మాట అంటాడని రోవెనా ఏనాడూ అనుకోలేదు. అతనూ అనుకున్నట్టు లేదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఒక్క క్షణం ఆమెకూ ఆశ పుట్టింది. బహుమతి నిలుస్తుంది. పాతికేళ్ళ పేరు నిలుస్తుంది. ఎవరికీ తెలీదు.

"సాస్కియాను ఇంట్లో కూర్చోబెట్టారు," అంది. "నా ఉత్తరం వల్ల. ఈ గోడ బయటపడితేనే ఆ పిల్ల దొంగ కాదని తేలుతుంది."

"రాశావా? లాయరమ్మ వద్దంది కదా!"

"వద్దంది."

మాల్కమ్ లేచాడు. డబ్బా మూత బిగించి, దాన్ని అవతలి గదిలోకి తీసుకెళ్ళి పెట్టి వచ్చాడు. "నేను మొదట నిన్ను అనుమానించాను. నువ్వు ఆ పిల్లను అనుమానించావు. ఆ ముసలావిడ మనిద్దర్నీ. ఆ తగరం వెధవ మాత్రం హాయిగా గోరీలో పడుకున్నాడు," అన్నాడు.

*

శుక్రవారం రోవెనా వేరే ప్రమాణపత్రం మీద సంతకం పెట్టింది. బొమ్మను తాను ఊహించలేదని, కొట్టం గోడమీద చూసింది తెలియకుండానే మనసులో నిలిచిపోయి గీశానని అందులో ఉంది. కార్మెన్ ఆమెను చీవాట్లు పెట్టలేదు. కానీ ఉత్తరం సంగతి విన్నప్పుడు కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టింది. ఆ తర్వాత, గోడమీది మరక మాల్కమ్‌కు నష్టమేమీ కాదని, వాళ్ళ నాన్న కాలంనుంచే ఆ గుర్తు వాడుకలో ఉందని చెప్పే ఋజువని వివరించింది. అయితే నోరీన్‌కూ అంతే బలమైన ఋజువుంది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని వెళ్ళగొట్టినా కోర్టుల్లో ఏళ్ళు గడుస్తాయి.

గోడ సంగతి నోరీన్ నమ్మలేదు. కళ్ళారా చూస్తేగానీ రాజీ కాగితం ముట్టనంది. నెలాఖరులో ఓడెక్కి, దిండుగలీబు మూట ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మాల్కమ్ కొట్టంలో ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, తన రేకును తానే గోడమీది మరకకు ఆనించి చూసింది. వెనక కాలు దాకా అతుక్కుపోయింది.

"ఒట్టుపెట్టాడట!" అని మాత్రం అంది.

ఒప్పందం వారంలో కుదిరింది. ఆమె కంబళ్ళమీద, అతను మేజోళ్ళమీద గొర్రెను వాడుకుంటారు. పక్కన ఎవరి పేరు వాళ్ళు పెద్ద అక్షరాలతో వేసుకోవాలి. ఒకరి సరుకు జోలికి ఒకరు పోకూడదు. మూడోవాడు ఎవడైనా ఆ గొర్రెను ముట్టుకుంటే ఇద్దరూ కలిసి పోట్లాడాలి. చివరి షరతు నోరీన్ పెట్టింది. విల్ఫ్ ఎన్ని కొట్టాలు తిరిగాడో ఎవరికి తెలుసు?

రోవెనా బహుమతి పత్రాన్ని తీసి, ఒక ఉత్తరంతో ఇచ్చినవాళ్ళకే పంపించింది. వాళ్ళు దాన్ని ఏంచేయాలో తెలియక ఇప్పటికీ జవాబివ్వలేదు. వ్యాపారం కొంత తగ్గింది. నిజం చెప్పిందని మెచ్చుకున్నవాళ్ళే, తమ పని ఇచ్చేముందు "ఇది ఎక్కడా చూసింది కాదు కదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఇప్పుడు గీత గీసి, దాన్నే అనుమానంగా చూస్తూ కూర్చుంటోంది.

ఆగస్టులో ఆమె సాస్కియాను కలవడానికి వెళ్ళింది. సంస్థవాళ్ళు ఆమెను తిరిగి పనిలోకి తీసుకున్నారు గానీ, పోయిన బాధ్యత పోయినట్టే. సాస్కియా ఇంటికి రమ్మనలేదు. రైల్వేస్టేషన్ పక్కన కాఫీకొట్టుకు రమ్మంది. కోటు విప్పకుండా కూర్చుంది.

"తప్పు నాది. నీ కాళ్ళమీద పడమన్నా పడతాను," అంది రోవెనా.

"పడకు, కాఫీ ఒలుకుతుంది," అంది సాస్కియా. "క్షమించడం సంగతి తర్వాత చూద్దాం. నా గురించి మా ఆఫీసుకు ఒక పేజీ రాశావు. ఇప్పుడు ఇంకో పేజీ రాయి. ఇక్కడే, నా ఎదురుగా. అప్పుడు గట్టిగా చదివించినవాళ్ళే ఇదీ గట్టిగా చదవాలి."

రోవెనా రాసింది. ఆరేళ్ళనాటి మధ్యాహ్నం, చింపిన పేజీ, తను అన్న మాట, ఏదీ వదలకుండా రాసింది. సాస్కియా కాగితం తీసుకుని, రెండుసార్లు చదివి, కలం అడిగి, ఒకచోట గీత కొట్టింది.

"'అపార్థం' కాదు. 'అబద్ధపు నింద' అని రాయి."

రోవెనా దిద్దింది. సాస్కియా దాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, "మాల్కమ్ బాగున్నాడా?" అని అడిగింది. బాగానే ఉన్నాడని చెప్పాక, రైలుకు టైమయిందని వెళ్ళిపోయింది.